రెక్కలు ఆడిస్తూ మనిషి ఎగరగలడా? తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షిలా రెక్కలు ఆడించి ఎగరడం మనిషికి సాధ్యమా అన్న విషయంపై పిల్లలూ పెద్దలూ తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ముందుగా ఒక స్పష్టత అవసరం. కొండ మీద నుంచి దూకి గాలిలో జారుతూ కిందికి దిగడాన్ని ఇక్కడ ఎగరడంగా లెక్కించడం లేదు. సొంత కండరాల బలంతో రెక్కలను పైకీ కిందికీ ఆడిస్తూ, ఎత్తునూ వేగాన్నీ కోల్పోకుండా ముందుకు సాగితేనే అది ఎగరడం.

ఇంతకీ మనిషి రెక్కలు ఆడిస్తూ ఎగరగలడా, లేదా?

ఎగరగలడు. అయితే చాలామంది ఊహించుకునే తీరులో కాదు. చేతులకు రెక్కలు కట్టుకుని మేడ మీద నుంచో మైదానం నుంచో లేచి ఆకాశంలోకి వెళ్లడం భూమి మీద ఏ మనిషికీ సాధ్యం కాదు, ఎంత సాధన చేసినా కాదు. కానీ ఒక పెద్ద ప్రయాణికుల విమానం రెక్కలంత పొడవైన రెక్కలను అత్యంత తేలికగా నిర్మించి, వాటిని చేతులతో కాకుండా కాళ్లతో ఆడిస్తే, మనిషి కొన్ని సెకన్ల పాటు నిజంగానే ఎగరగలడని 2010లో రుజువైంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని అర్థం చేసుకుంటే మిగిలిన ప్రశ్నలన్నింటికీ దారి దొరుకుతుంది.

2010లో ఎగిరింది ఎవరు? ఎలా ఎగిరారు?

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఏరోస్పేస్ అధ్యయన సంస్థలో టాడ్ రైకర్ట్, కామెరాన్ రాబర్ట్‌సన్ అనే పరిశోధక విద్యార్థులు, తమ సహ విద్యార్థులతో కలిసి నాలుగేళ్ల పాటు శ్రమించి ‘స్నోబర్డ్’ అనే యంత్రాన్ని నిర్మించారు. రెక్కలు ఆడించి ఎగిరే ఇలాంటి యంత్రాలను ఆర్నిథాప్టర్లు అంటారు. ఆ రంగంలో దశాబ్దాల అనుభవం ఉన్న ప్రొఫెసర్ జేమ్స్ డిలారియర్ మార్గదర్శకత్వం వారికి ఉంది. స్నోబర్డ్ రెక్కలు ఒక కొస నుంచి మరో కొస వరకు 32 మీటర్లు. బోయింగ్ 737 విమానం రెక్కల పొడవుకు ఇది కొంచెమే తక్కువ. అంత పెద్ద యంత్రం బరువు మాత్రం 43 కిలోలకు మించలేదు. కార్బన్ ఫైబర్, బాల్సా చెక్క, ఫోమ్ వంటి తేలికైన పదార్థాలను ఏరికోరి వాడి, ప్రతి గ్రామునూ లెక్క చూసుకుంటే తప్ప ఇది సాధ్యమయ్యేది కాదు.

2010 ఆగస్టు 2న ఒంటారియోలోని టాటెన్‌హామ్ వద్ద ఉన్న గ్లైడింగ్ క్లబ్బు మైదానంలో రైకర్టే దానిని నడిపాడు. ఆ వేసవిలో అతడు తన సొంత బరువును కూడా 8 కిలోల మేర తగ్గించుకున్నాడు. ఒక కారు తాడుతో లాగగా యంత్రం నేల విడిచింది. తాడు వదిలాక రైకర్ట్ కూర్చున్నచోటు నుంచే రెండు కాళ్లతో ఒక కడ్డీని బలంగా నెడుతూ, దానికి కట్టిన తీగల ద్వారా రెక్కలను కిందికి లాగుతూ 19.3 సెకన్ల పాటు ఎగిరాడు. ఆ సమయంలో 145 మీటర్ల దూరం సాగాడు. అంటే సగటు వేగం గంటకు సుమారు 27 కిలోమీటర్లు. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ప్రతినిధి సమక్షంలో జరిగిన ఈ ప్రయాణంలో ఎత్తు గానీ వేగం గానీ తగ్గలేదని కొలతలు చూపించాయి. మనుషులు శతాబ్దాలుగా కన్న కల నెరవేరిందని చెప్పడానికి మా దృష్టిలో అన్నింటికన్నా బలమైన ఆధారం ఆ కొలతలే.

కారు లాగితే లేచిన దానిని ఎగరడం అనవచ్చా?

అనవచ్చు. పైకి లేవడానికి సాయం తీసుకోవడం వేరు, లేచిన తర్వాత గాలిలో నిలవడం వేరు. తాడు ఇచ్చిన వేగంతోనే ముందుకు జారి ఉంటే ఆ యంత్రం క్షణక్షణానికీ ఎత్తునో వేగాన్నో కోల్పోతూ ఉండాలి. స్నోబర్డ్ విషయంలో అలా జరగలేదు కాబట్టి, ఆ సమయంలో దానిని గాలిలో నిలిపిన శక్తి మనిషి కాళ్లదే. అయితే నేల మీద నుంచి తనంతట తాను లేచే శక్తి దానికి లేదన్నది కూడా అంతే నిజం, ఆ పరిమితిని దాచిపెట్టి గొప్పలు చెప్పుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. పెద్ద పక్షులకు కూడా నేల విడవడమే అన్నింటికన్నా కష్టమైన ఘట్టం. హంసలు నీటి మీద చాలా దూరం పరుగెత్తి గానీ లేవలేవు.

చేతులకు రెక్కలు కట్టుకుని ఎందుకు ఎగరలేం?

దీనికి జవాబు లెక్కల్లో ఉంది. లెక్క కష్టమైనదేమీ కాదు, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన వారు స్వయంగా వేసుకోవచ్చు.

70 కిలోల మనిషి 20 కిలోల బరువున్న, కొస నుంచి కొసకు 10 మీటర్ల పొడవైన రెక్కలను తగిలించుకున్నాడని అనుకుందాం. అలాంటి రెక్కల వైశాల్యం సుమారు 8 చదరపు మీటర్లు ఉంటుంది. 90 కిలోల బరువును గాలి మోయాలంటే ఆ రెక్కలు గంటకు దాదాపు 50 కిలోమీటర్ల వేగంతో గాలిని కోసుకుంటూ పోవాలి. రెక్కలు బాగా తీర్చిదిద్దినవే అనుకుని, గాలి నిరోధం మొత్తం బరువులో పదో వంతే ఉంటుందని ఉదారంగా లెక్కించినా, ఆ వేగాన్ని నిలుపుకోవడానికి ప్రతి క్షణం సుమారు 1,200 వాట్ల సామర్థ్యం కావాలి. ఇక ముందుకు కదలకుండా ఉన్నచోటే గాలిలో నిలవాలంటే, ఏ నష్టమూ లేని ఆదర్శ పరిస్థితిలో కూడా 1,900 వాట్ల దాకా అవసరమవుతుంది.

ఇప్పుడు మన దగ్గర ఉన్నదెంతో చూద్దాం. ఆరోగ్యవంతుడైన సాధారణ మనిషి సైకిల్ తొక్కుతూ గంటసేపు నిలకడగా ఇవ్వగలిగింది 100 నుంచి 150 వాట్లు. ప్రపంచ స్థాయి సైక్లిస్టులు గంటపాటు 400 వాట్లకు అటూ ఇటూగా ఇవ్వగలరు. వెయ్యి వాట్లు దాటడం బలమైన క్రీడాకారులకు సాధ్యమే గానీ, అది కొన్ని సెకన్ల ముచ్చటే. పైగా ఈ అంకెలన్నీ కాళ్లతో సాధించినవి, కాళ్ల కండరాల ముందు భుజాల, ఛాతీ కండరాలు చాలా చిన్నవి. కాబట్టి చేతులతో రెక్కలు ఆడించే మనిషికి కావలసిన శక్తికీ, అతడి దగ్గర ఉన్న శక్తికీ మధ్య తేడా పదింతల దగ్గర ఉంటుంది. పట్టుదలతోనో ధైర్యంతోనో పూడ్చగలిగే తేడా కాదది.

అలాగైతే స్నోబర్డ్ ఎలా ఎగిరింది? రెక్కలను ఇంకా పెంచితే సరిపోతుందా?

రెక్కలు పొడవెక్కే కొద్దీ ఎగరడానికి కావలసిన శక్తి తగ్గుతుంది, ఈ రంగంలో సాధించిన ప్రతి విజయానికీ ఇదే మూలం. రెక్క పైకెత్తే బలాన్ని పొందడానికి గాలిని కిందికి నెడుతుంది. కొద్దిపాటి గాలిని వేగంగా నెట్టడం కన్నా, ఎక్కువ గాలిని మెల్లగా నెట్టడానికి తక్కువ శక్తి ఖర్చవుతుంది. పొడవైన రెక్క ఒకేసారి ఎక్కువ గాలిని అందుకుంటుంది. మొత్తం బరువు 100 కిలోలు, రెక్కల వైశాల్యం 25 చదరపు మీటర్లు, గాలి నిరోధం బరువులో ముప్ఫయ్యో వంతు అనుకుని పై లెక్కనే మళ్లీ వేస్తే, గంటకు 29 కిలోమీటర్ల వేగంతో సుమారు 260 వాట్లకే పని జరిగిపోతుంది. శిక్షణ పొందిన మనిషి కాళ్లకు అది అందుబాటులో ఉన్న సామర్థ్యమే.

అయితే రెక్కను ఎంతైనా పెంచుకుంటూ పోవచ్చా అంటే, కుదరదు. పొడవు పెరిగితే బరువు పెరుగుతుంది, మొదట్లో వంగే గుణం, తర్వాత విరిగే ప్రమాదం పెరుగుతాయి. కదలని రెక్కకే ఇది పెద్ద సమస్య. ఆడే రెక్క విషయంలో, ప్రతి ఊపు చివరా ఆ మొత్తం పొడవును ఆపి, తిప్పి, మళ్లీ కదిలించాలి కాబట్టి రెక్క మొదలు దగ్గర పడే ఒత్తిడి మరీ ఎక్కువ. చిన్న గాలి తెర కూడా అంత తేలికైన నిర్మాణాన్ని విరిచేయగలదు. స్నోబర్డ్ లాంటి యంత్రాలను గాలి దాదాపు నిశ్చలంగా ఉన్న వేళల్లోనే నడపాలి.

పక్షి శరీరంలో ఉన్నదేమిటి, మనకు లేనిదేమిటి?

పక్షి ఎముకలు బోలుగా ఉంటాయి కాబట్టే ఎగురుతుందని బడిలో చెబుతుంటారు. ఆ మాటలో నిజం ఉన్నా, అది కథలో చిన్న భాగం మాత్రమే. అసలు సంగతి ఛాతీలో ఉంది.

ఎగిరే పక్షుల రొమ్ము ఎముక మీద నిలువుగా లేచిన ఒక ఎముక పలక ఉంటుంది. రెక్కను కిందికి కొట్టే పెద్ద కండరం దానికి అతుక్కుని ఉంటుంది. చాలా పక్షుల్లో ఎగరడానికి ఉపయోగపడే కండరాలే శరీర బరువులో ఆరో వంతు దాకా ఉంటాయి, పావురం వంటి బలమైన పక్షుల్లో అది పావు వంతుకు చేరుతుంది. రెక్కను పైకెత్తే కండరం వీపు మీద ఉండాలని మనం అనుకుంటాం. కానీ పక్షిలో అది కూడా ఛాతీలోనే, పెద్ద కండరం కిందనే ఉంటుంది. దాని స్నాయువు భుజం దగ్గర ఎముకల మధ్య ఉన్న సన్నని సందు గుండా పైకి వెళ్లి, దిశ మార్చుకుని, రెక్కను పై నుంచి లాగుతుంది. దీనివల్ల శరీరంలోని బరువంతా రెక్కల కిందే ఉండి, పక్షి గాలిలో తలకిందులు కాకుండా స్థిరంగా ఉంటుంది. పక్షి నిర్మాణంలో మమ్మల్ని అన్నింటికన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఈ అమరికే.

ఊపిరి విషయంలోనూ పెద్ద తేడా ఉంది. మన ఊపిరితిత్తుల్లో గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పక్షుల్లో గాలి సంచుల సాయంతో గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో సాగుతూ, లోపలికి పీల్చినప్పుడూ బయటికి వదిలినప్పుడూ ఆక్సిజన్ అందిస్తుంది. రెక్క సంగతి సరేసరి: పైకి లేపేటప్పుడు మణికట్టు దగ్గర ముడుచుకుని, ఈకల మధ్య సందులు తెరుచుకుని, గాలి నిరోధాన్ని తగ్గించుకుంటుంది, కిందికి కొట్టేటప్పుడు విచ్చుకుని, కొస దగ్గర మెలి తిరిగి ముందుకు తోస్తుంది. పైకెత్తడం, ముందుకు నెట్టడం, దిశ మార్చడం అనే మూడు పనులనూ ఒకే అవయవం చేస్తోంది.

వ్యాయామంతో ఛాతీ కండరాలను పెంచుకుంటే ఎగరగలమా?

ఎగరలేం. కండరం పెరిగితే బరువూ పెరుగుతుంది, ఆ కండరానికి రక్తం, ఆక్సిజన్ అందించవలసిన గుండె, ఊపిరితిత్తులు మాత్రం అదే నిష్పత్తిలో పెరగవు. ఈ రంగంలో విజయం సాధించిన వారిలో చాలామంది సన్నగా ఉండే సైక్లిస్టులు, ఓర్పు గల క్రీడాకారులే గానీ కండలు పెంచిన బలశాలులు కాకపోవడానికి కారణం ఇదే.

పెద్ద పెద్ద పక్షులు ఎగురుతున్నాయి కదా, మనిషి బరువు ఎందుకు అడ్డం?

ఒకే ఆకారాన్ని రెండింతల పొడవుకు పెంచితే రెక్క వైశాల్యం నాలుగింతలే అవుతుంది గానీ బరువు ఎనిమిదింతలు అవుతుంది. ఆ బరువును మోయడానికి వేగం కూడా పెరగాలి కాబట్టి, కావలసిన శక్తి పదకొండింతలు దాటుతుంది. కండరాలు పెరిగేది ఎనిమిదింతలే, పైగా పెద్ద రెక్కలు నెమ్మదిగా ఆడతాయి కనుక ఒక్కో కిలో కండరం ఇచ్చే శక్తి ఇంకా తగ్గుతుంది. అందుకే పిచ్చుక చులాగ్గా చేసే పని రాబందుకు భారమవుతుంది.

ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైన వాటికి మన తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యాన్ని ఏ పక్షి కోసం ఏర్పాటు చేశారో ఆ బట్టమేక పక్షిలో మగది 15 కిలోల దాకా తూగుతుంది. రెక్కలు ఆడించి ఎగిరే నేటి జీవుల బరువు దాదాపు ఆ స్థాయిలోనే, మహా అయితే మరికొన్ని కిలోలు పైన, ఆగిపోతుంది. అంతరించిపోయే ముప్పు అంచున ఉన్న ఆ పక్షి రోళ్లపాడులో కనిపించడం ఇప్పుడు ఎంత అరుదైపోయిందో తలచుకుంటే బాధ కలుగుతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కాండర్ కూడా సుమారు అంతే బరువు తూగుతుంది. పరిశోధకులు పరికరాలు అమర్చి చూసినప్పుడు అది తాను గాలిలో గడిపే సమయంలో ఒక శాతం మేర మాత్రమే రెక్కలు ఆడిస్తోందని తేలింది. మిగతా సమయమంతా అది వేడెక్కి పైకి లేచే గాలులను, కొండవాలు గాలులను ఆసరా చేసుకుని తేలుతుంది.

అరవై లక్షల ఏళ్ల క్రితం అర్జెంటీనా ప్రాంతంలో తిరిగిన అర్జెంటావిస్ అనే పక్షి మనిషంత బరువు, సుమారు 70 కిలోలు, తూగేదని శాస్త్రజ్ఞుల అంచనా. దాని రెక్కల పొడవు సుమారు 7 మీటర్లు. భారతీయ మూలాలున్న శంకర్ ఛటర్జీ బృందం 2007లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, దానికి నిరంతరం రెక్కలు ఆడించి ఎగిరే శక్తి లేదు, అది కూడా గాలి ప్రవాహాల మీద ఆధారపడి తేలవలసిందే. మనిషి బరువున్న పక్షికే అంత పరిమితి ఉన్నప్పుడు, పక్షి కండరాలు లేని మనిషి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పూర్వం ఎవరూ ఎగరలేదా?

తొమ్మిదో శతాబ్దంలో, నేటి స్పెయిన్‌లోని కొర్దోవా నగరంలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ ఈకలు తగిలించుకుని గాలిలో కొంత దూరం వెళ్లి, దిగేటప్పుడు దెబ్బ తిన్నాడని చెబుతారు, కానీ ఆ సంగతిని వివరంగా చెప్పే గ్రంథం ఎన్నో శతాబ్దాల తర్వాత రాసినది. పదకొండో శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండులోని మామ్స్‌బరీ మఠానికి చెందిన ఎయిల్మర్ అనే సన్యాసి గోపురం మీద నుంచి రెక్కలతో దూకి రెండు కాళ్లూ విరగ్గొట్టుకున్నాడు. తోక పెట్టుకోకపోవడమే తన తప్పని అతడు భావించాడట, స్థిరత్వం గురించిన ఆ ఆలోచన ఇప్పటికీ విలువైనదే. వీరు ఏమైనా సాధించి ఉంటే అది కిందికి జారడమే గానీ రెక్కలు ఆడించి ఎగరడం కాదు.

లియొనార్డో డావించి పదిహేనో శతాబ్దం చివర్లో రెక్కలు ఆడించే యంత్రాలను ఎన్నో గీశాడు, చేతులతో పాటు కాళ్లను కూడా వాడాలన్న ఆలోచన వాటిలో ఉంది. 1505 ప్రాంతంలో పక్షుల గమనాన్ని నిశితంగా గమనించి నోటు పుస్తకం రాసుకున్నాడు. ఇటలీకే చెందిన జొవానీ బొరెల్లీ జంతువుల కదలికల మీద రాసిన గ్రంథం ఆయన మరణానంతరం 1680లో వెలువడింది. మనిషి ఛాతీ కండరాలు అతడి బరువుతో పోలిస్తే చాలా బలహీనమైనవి కాబట్టి సొంత బలంతో పక్షిలా ఎగరలేడని అందులో తేల్చాడు. వాట్ల లెక్క పుట్టకముందే, కేవలం శరీర నిర్మాణాన్ని పరిశీలించి అంత సరైన నిర్ణయానికి రావడం మెచ్చుకోదగిన విషయం.

అసలైన మలుపు 1799లో వచ్చింది. ఇంగ్లండుకు చెందిన జార్జ్ కేలీ, పైకెత్తే పనిని కదలని రెక్కకు, ముందుకు నెట్టే పనిని వేరొక సాధనానికి అప్పగించాలని ప్రతిపాదించాడు. పక్షి ఒకే అవయవంతో చేసే పనులను యంత్రంలో విడదీయాలన్న ఆ ఆలోచన మీదే నేటి విమానాలన్నీ నిలిచాయి. జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ 1889లో పక్షుల ఎగురుదలపై గ్రంథం ప్రచురించి, 1891 నుంచి దాదాపు రెండు వేల సార్లు గ్లైడర్లతో గాలిలో జారాడు. ఆయన రెక్కలు ఆడించే యంత్రాన్ని కూడా తయారు చేసుకుంటూనే ఉన్నాడు గానీ, 1896 ఆగస్టులో గ్లైడర్ కూలి మరణించాడు. ఆయన కొలతలు, ఛాయాచిత్రాలు రైట్ సోదరులను ఈ పని వైపు ఆకర్షించాయి.

మానవశక్తితో నడిచే విమానాలు చాలా దూరం వెళ్లాయని విన్నాం. అవి రెక్కలు ఆడించలేదా?

లేదు, వాటి రెక్కలు కదలవు. మనిషి పెడళ్లు తొక్కి ప్రొపెల్లర్‌ను తిప్పుతాడు. పాల్ మెక్‌క్రెడీ రూపొందించిన గాసమర్ కాండర్‌ను 1977 ఆగస్టు 23న కాలిఫోర్నియాలో బ్రయన్ అలెన్ తొక్కుతూ, ఎనిమిది అంకె ఆకారంలో తిరిగి, 50 వేల పౌండ్ల క్రేమర్ బహుమతిని గెలిపించాడు. అదే అలెన్ 1979 జూన్ 12న గాసమర్ ఆల్బట్రాస్‌తో ఇంగ్లిష్ ఛానెల్‌ను 2 గంటల 49 నిమిషాల్లో దాటాడు. 1988 ఏప్రిల్ 23న గ్రీసు సైక్లిస్టు కనెల్లోస్ కనెల్లోపౌలోస్, అమెరికాలోని ఎంఐటీలో రూపొందిన డీడలస్ విమానంతో క్రీట్ దీవి నుంచి శాంటోరిని వరకు 115 కిలోమీటర్లు సముద్రం మీదుగా సాగాడు.

ఈ 115 కిలోమీటర్లను స్నోబర్డ్ సాధించిన 145 మీటర్ల పక్కన పెట్టి చూస్తే, రెక్కలు ఆడించడంలో ఉన్న చిక్కు తెలుస్తుంది. ప్రొపెల్లర్ ఆగకుండా ఒకే దిశలో తిరుగుతుంది కాబట్టి ముందుకు తోసే బలం నిలకడగా ఉంటుంది. ఆడే రెక్కలో బలం ఊపు ఊపుకూ మారుతుంది, మనిషి కూర్చున్న భాగమంతా పైకీ కిందికీ ఊగుతుంది, రెక్క సరైన క్షణంలో సరైన మేర మెలి తిరగకపోతే శక్తి వృథా అవుతుంది. రైకర్ట్, రాబర్ట్‌సన్‌లే తర్వాత తమ సంస్థ ఏరోవెలో తరఫున నాలుగు రోటర్ల అట్లాస్ అనే మానవశక్తి హెలికాప్టర్‌ను నిర్మించి, 2013 జూన్ 13న 64 సెకన్ల పాటు గాలిలో నిలిపి, 3.3 మీటర్ల ఎత్తుకు లేపి, 2,50,000 డాలర్ల సికోర్‌స్కీ బహుమతి గెలిచారు.

ఇంజను పెట్టి రెక్కలు ఆడిస్తే మనిషిని మోయగలవా?

డిలారియర్ బృందం 2006 జులై 8న టొరంటోలోని డౌన్స్‌వ్యూలో అదే చేసి చూపింది. పైలట్ కూర్చున్న ఇంజను ఆర్నిథాప్టర్, చిన్న జెట్ సాయంతో లేచి, 14 సెకన్ల పాటు గాలిలో నిలిచింది. ప్రయోగం చివర్లో యంత్రం దెబ్బ తిన్నా పైలట్ క్షేమంగా బయటపడ్డాడు. శక్తి కొరత తీరినా ఊగిసలాట, రెక్క మీద ఒత్తిడి అనే సమస్యలు తీరవని ఆ ప్రయోగం చూపింది. చిన్న పరిమాణంలో మాత్రం ఈ విద్య చక్కగా పనిచేస్తుంది: జర్మనీ సంస్థ ఫెస్టో 2011లో ప్రదర్శించిన స్మార్ట్‌బర్డ్ అనే యంత్రపక్షి బరువు అర కిలో లోపే, దాని రెక్కల పొడవు దాదాపు 2 మీటర్లు, అది సముద్రపు కాకిలా రెక్కలు ఆడిస్తూ తనంతట తానే లేచి ఎగురుతుంది.

చేతులకు రెక్కలు కట్టుకుని ఒకతను పార్కులో ఎగిరిన వీడియో చూశాం. అది నిజమేనా?

నిజం కాదు. 2012 మార్చిలో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో యార్నో స్మేట్స్ అనే వ్యక్తి అలా ఎగిరినట్టు ఒక వీడియో వచ్చింది. కొద్ది రోజులకే అతడి అసలు పేరు ఫ్లోరిస్ కాయిక్ అని, తాను దృశ్యాలను సృష్టించే కళాకారుడినని, అదంతా కల్పితమని అక్కడి టెలివిజన్‌లో అతడే ఒప్పుకున్నాడు. ఆ వీడియో ఇప్పటికీ నిజమైన దానిలా చేతులు మారుతూనే ఉంది కాబట్టి ఇక్కడ ప్రత్యేకంగా చెబుతున్నాం.

ప్రాచీనమైనదని చెప్పే ‘వైమానిక శాస్త్రం’ అనే సంస్కృత గ్రంథంలో పక్షి ఆకారపు విమానం ఉందంటారు. అది ఎగురుతుందా?

ఎగరదు. ఆ గ్రంథంలో వర్ణించిన నాలుగు విమానాల్లో పక్షి రూపంలో ఉన్న శకున విమానం ఒకటి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు శాస్త్రజ్ఞులు గ్రంథాన్ని క్షుణ్ణంగా పరిశీలించి 1974లో తమ నిర్ణయాలను ప్రచురించారు. భాషను, ఛందస్సును, చరిత్రను బట్టి చూస్తే అది ప్రాచీన గ్రంథం కాదని, ఇరవయ్యో శతాబ్దం తొలి పాతికేళ్లలో రూపొందినదని, అందులోని విమానాల్లో ఏ ఒక్కటీ ఎగిరే లక్షణాలు కలది కాదని వారు తేల్చారు. సంపాతి, జటాయువుల కథల గొప్పతనం వాటి కవిత్వంలో ఉంది. వాటిని ఇంజనీరింగ్ ఆధారాలుగా చూపించవలసిన అగత్యం మన సంస్కృతికి లేదు.

భూమి కాక మరెక్కడైనా మనిషి చేతి రెక్కలతో ఎగరగలడా?

శని గ్రహపు ఉపగ్రహమైన టైటాన్ మీద ఎగరగలడు. అక్కడి గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదానిలో ఏడో వంతే, నేల దగ్గర గాలి సాంద్రత మాత్రం మన గాలికి నాలుగింతలకు పైగా ఉంటుంది. ఈ రెండూ కలిసి, ఒకే మనిషి అవే రెక్కలతో గాలిలో నిలవడానికి కావలసిన శక్తిని సుమారు నలభయ్యో వంతుకు తగ్గించేస్తాయి. భూమి మీద 1,900 వాట్లు అడిగిన రెక్కలు అక్కడ 50 వాట్ల లోపే అడుగుతాయి. వెచ్చదనాన్నిచ్చే సూటు, ఆక్సిజన్ సిలిండర్ల బరువు కలిపినా అది చేతులతో చేయగలిగిన పనే. ఉష్ణోగ్రత మైనస్ 179 డిగ్రీలు ఉండే ఆ లోకానికి మనుషులు వెళ్లే రోజు ఎంతో దూరంలో ఉంది గానీ, ఎనిమిది రోటర్లతో అక్కడి గాలిలో ఎగిరే డ్రాగన్‌ఫ్లై అనే యంత్రాన్ని 2028లో పంపాలని నాసా సంకల్పించింది. చంద్రుడి మీద గురుత్వాకర్షణ తక్కువే అయినా గాలి లేదు కాబట్టి రెక్కలు అక్కడ పనికిరావు.

ఇంట్లో రెక్కలు తయారు చేసుకుని ప్రయత్నించవచ్చా?

దయచేసి ప్రయత్నించవద్దు, పిల్లలను ప్రయత్నించనివ్వవద్దు. ఒక అంతస్తు ఎత్తు నుంచి పడినా ప్రాణాపాయం ఉంటుంది, ఆ ఎత్తులో ఏ రెక్కలకూ పనిచేయడం మొదలుపెట్టేంత వేగమే రాదు. ఫ్రాన్సుకు చెందిన ఈవ్ రూసో ఎన్నో ఏళ్ల సాధన తర్వాత 2006లో కండబలంతో రెక్కలు ఆడిస్తూ 64 మీటర్లు ఎగిరాడు, ఆ వెంటనే చేసిన మరో ప్రయత్నంలో గాలి తాకిడికి రెక్క విరిగి పడిపోవడంతో అతడి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. అనుభవం, పర్యవేక్షణ, సరైన యంత్రం ఉన్న మనిషికే అలా జరిగింది.

మరి ఈ విషయంపై నిజమైన ఆసక్తి ఉన్న విద్యార్థి ఏం చేయాలి?

రబ్బరు బ్యాండుతో ఎగిరే చిన్న ఆర్నిథాప్టర్ తయారు చేయాలి. ఫ్రాన్సులో అల్ఫాన్స్ పెనో 1874లోనే మెలితిప్పిన రబ్బరు శక్తితో రెక్కలాడించే నమూనాను ఎగరేశాడు. సన్నని వెదురు పుల్లలు, పలుచని ప్లాస్టిక్ కాగితం, గట్టి తీగతో వంచిన క్రాంకు, రబ్బరు బ్యాండు ఉంటే బడిలో కూడా దానిని చేయవచ్చు. రెక్క ముందంచుకు మాత్రమే పుల్ల ఉండి వెనుక భాగం వదులుగా ఉండాలి. అలా ఉంటేనే రెక్క దిగేటప్పుడు దానంతట అది మెలి తిరిగి గాలిని వెనక్కి తోస్తుంది. వెనుక భాగాన్ని బిగించి ఒకసారి, వదులుగా ఉంచి ఒకసారి ఎగరేసి, రెండుసార్లూ అది వెళ్లిన దూరాన్ని టేపుతో కొలిచి రాసుకుంటే, పక్షి రెక్క ముందుకు ఎలా తోస్తుందన్నది కళ్లకు కడుతుంది. ఆ తర్వాత రెక్క పొడవును, తోక వాలును ఒక్కొక్కటిగా మార్చి చూడవచ్చు.